ఒక్క అణువు వెంట నడువు

హన్మకొండ

తమ్మీ,

నానోట్యూబుల్లో, అంటే కంటికి కనపడనంత సన్నని కార్బన్ గొట్టాల్లో, నీళ్ల గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మంచి విషయం పట్టావు. కానీ మొదట్లోనే "నీళ్లు వెయ్యి రెట్లు వేగంగా పోతాయి" అని రాసి దాటేశావు. దేనికన్నా వెయ్యి రెట్లు? 2006లో అమెరికా శాస్త్రవేత్తలు 2 నానోమీటర్లకన్నా (నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లో వంతు) సన్నని కార్బన్ గొట్టాలున్న పొరలోంచి నీళ్లు పంపి కొలిచారు. గోడను ఆనుకున్న నీరు కదలదనే మామూలు పైపుల లెక్క ప్రకారం ఎంత రావాలో, దానికి వెయ్యి రెట్లకు పైగా వచ్చాయి. కార్బన్ గోడ అంత నున్నగా ఉంటుంది, నీటిని పట్టుకోదు. ఈ పోలిక చెప్పకపోతే పాఠకుడి చేతికి ఉత్త అంకే మిగులుతుంది.

హమ్మర్ అనే శాస్త్రవేత్త బృందం 2001లో చేసిన పని మాత్రం ప్రయోగం కాదు, కంప్యూటర్ సిమ్యులేషన్. నీళ్లంటే గిట్టని 0.81 నానోమీటర్ల వెడల్పున్న గొట్టంలోకి నీటి అణువులు వాటంతట అవే చేరి, సుమారు 5 అణువులు ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టాయి. ఏది కొలిచింది, ఏది లెక్కగట్టింది అన్నది పాఠకుడికి తెలియాలి.

ఈ అణువుల వరసను మేడారం క్యూతో పోల్చావు, నాకు నచ్చింది, ఉంచు. కాకపోతే సగమే కుదిరింది. ఒకరిని దాటి ఒకరు పోలేరు, నిజమే. కానీ క్యూలో అందరూ గద్దెల వైపే నడుస్తారు. గొట్టంలో ఒత్తిడి లేనప్పుడు అణువు వేడికి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, పక్కది జరిగితే తప్ప దానికి చోటు లేదు. మామూలు నీళ్లలో రెట్టింపు దూరం చేరడానికి 4 రెట్ల టైం పడితే, పొడవాటి గొట్టంలో ఒంటి వరసలో ఇరుక్కున్నదానికి సిద్ధాంతం ప్రకారం 16 రెట్లు పడుతుంది. అదే గొట్టానికి ఒక కొసన ఒత్తిడి పెట్టు, వరస మొత్తం కలిసి జారిపోతుంది. అంత నెమ్మదీ ఇంత వేగమూ ఒకేచోట! నీ వ్యాసానికి ప్రాణం ఇదే, దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎట్లా?

వరంగల్ నిట్‌లో సిమ్యులేషన్లు చేసే రీసెర్చ్ స్కాలర్ ఎవరైనా దొరికితే పక్కన కూర్చో. స్క్రీన్ మీద ఒకే అణువును చూడు, ఎన్నిసార్లు వెనక్కి పోయిందో రాసుకో. ఆ తర్వాత ఈ పేరా తిరగరాయి. సముద్రపు నీటి శుద్ధి గురించిన చివరి పేరా తీసేయ్, దానికి వేరే వ్యాసం కావాలి. బతుకమ్మ సెలవుల్లోగా పంపితే తీరిగ్గా చదువుతాను.

నీ అన్న