ప్లాన్‌లో లేని అంతస్తు వేస్తే నిజంగా కూలుస్తారా?

అడిగినవారి పరిస్థితి ఇది. తెలంగాణలో ఒక మున్సిపాలిటీ, 180 గజాల స్థలం, గ్రౌండ్ ప్లస్ రెండు అంతస్తులకి ఆన్‌లైన్‌లో పర్మిషన్ వచ్చింది. పైన ఇంకో అంతస్తు వేసి అద్దెకిస్తే లోన్ వాయిదాకి ఆసరా అవుతుందని ఆలోచన. "మా వీధిలో అందరూ వేశారు, ఎవరిదీ కూల్చలేదు. మాదొక్కటే కూలుస్తారా?" అని ప్రశ్న.

చాలావరకు కూల్చరు. స్లాబుకి రంధ్రాలు కొడతారు. కూల్చడం కన్నా అదే ప్రమాదం. ఆ రంధ్రాల సంగతి మీకు మేస్త్రీ చెప్పడు, ఇంజినీర్ చెప్పడు. మా పక్కింటి స్లాబుకి అవి కొడుతున్నప్పుడు మా డాబా మీద నిలబడి మొత్తం చూశాను కాబట్టి నేను చెబుతాను.

మా ఇంటి పక్కన చాలా ఏళ్లుగా ఖాళీగా ఉన్న ప్లాట్‌లో పని మొదలైంది. ముగ్గు పోసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఆ స్థలం మీ స్థలం అంతే, అంటే సుమారు 150 చదరపు మీటర్లు ఉంటుంది. 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ఉండే ప్లాట్‌కి, 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం, చిన్న రోడ్డయితే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి. దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. వీళ్ల సున్నం గీత మా ప్రహరీని ఆనుకునే ఉంది. మేస్త్రీని అడిగితే "ప్లాన్‌లో అట్లనే ఉందమ్మా" అన్నాడు. ప్లాన్ చూపించమంటే ఇంజినీర్ సారు దగ్గర ఉందన్నాడు. ఇంజినీర్ సారు సైట్‌కి వస్తే కదా అడగడానికి!

మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి రాసిచ్చాను. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కూర్చున్నతను చదివి, "ఇంకా గోడలే లేవలేదు కదా మేడమ్, డీవియేషన్ (ప్లాన్ తప్పి కట్టడం) అని ఎట్ల రాస్తాం? కట్టనివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గోతులు తీస్తున్నప్పుడు చూడటానికి ఒక టేపు చాలు. గీత ఒక మీటరు లోపలికి జరిపితే అయిపోయేది, కట్టుకునేవాళ్లకి ఒక్క ఇటుక కూడా నష్టం ఉండేది కాదు. అదే మూడు స్లాబులు పడ్డాక ఆ మీటరు వెనక్కి రావాలంటే పిల్లర్లే తీసేయాలి. అది ఎవరూ చేయరని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు.

గోడలు లేచాయి. అత్తయ్య గది కిటికీ అటువైపే. ఆవిడకి పొద్దున్నే ఆ కిటికీ దగ్గర కూర్చుని పేపర్ చదవడం అలవాటు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేయాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే కొన్నాళ్లకి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఎవరూ వచ్చి చూసింది లేదు, ఏదీ మారింది లేదు. ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది. ఫిర్యాదు ఇచ్చిన మనిషి సంతకం లేకుండా ఏ ఫిర్యాదునీ మూసే అధికారం ఉండకూడదు.

ఈలోగా పక్కింటావిడ వచ్చి, "వదినగారూ, రేపటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన వాళ్లం, మీరే ఇట్ల రాసిస్తే ఎట్ల?" అని బాధపడింది. ఆవిడని నేను తప్పుపట్టను. వాళ్లకి మేస్త్రీ, ఇంజినీర్, బంధువులు అందరూ ఒకటే చెప్పారు, ఏం కాదు వేసేయమని. ఆఫీసు చెప్పాల్సిన మాట ఆఫీసు చెప్పకపోతే ఇరుగుపొరుగు పోట్లాడుకోవాల్సి వస్తుంది. కాలనీల్లో ఏళ్లతరబడి మాటలు లేని ఇళ్ల గొడవ ఎక్కడ మొదలైందో అడిగి చూడండి, సెట్‌బ్యాక్ దగ్గరే మొదలై ఉంటుంది.

ప్లాన్‌లో లేని పై స్లాబు కూడా పడ్డాక, కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను. అప్పుడు కదిలారు. ఒక ఉదయం ట్రాలీలో కంప్రెసర్, డ్రిల్లింగ్ మెషిన్, నలుగురైదుగురు కూలీలు, ఒక సూపర్‌వైజర్, కొలతలు తీసే ఒక చైన్‌మన్, తోడుగా కానిస్టేబుల్ వచ్చారు. వీధంతా బయటికొచ్చింది. పక్కింటాయన ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. అందరూ పైకెక్కారు. ఎక్కడ డ్రిల్ పెట్టాలో చూపించింది ఎవరనుకున్నారు? ఆ ఇల్లు కట్టిన మేస్త్రీయే. కాలితో నేల మీద తట్టి, "ఇటు బీమ్ ఉంది సార్, కొంచెం అటు పెట్టండి" అంటున్నాడు. బీముల మధ్య మూడు చోట్ల బొక్కలు కొట్టారు. మనిషి దూరేంత వెడల్పు. వేలాడుతున్న చువ్వల్ని గ్యాస్ కట్టర్‌తో కోశారు. సూపర్‌వైజర్ ఒక్కో రంధ్రం దగ్గరా ఫోటో తీయించుకున్నాడు, కింది నుంచి ఆకాశం కనిపించేలా కూడా ఒకటి. మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయారు. ఫైల్లో ఆ ఇల్లు "కూల్చిన" ఇల్లు.

తర్వాత కొన్నాళ్లు పని ఆగింది. ఒకరోజు చూస్తే కింద సెంట్రింగ్ షీట్లు పెట్టి, పైనుంచి కాంక్రీటు పోసేస్తున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, తెగిన చువ్వలకి కొత్త చువ్వ కట్టలేదు. స్లాబులో తెగిన ఇనుముకి కొత్తది జత చేయాలంటే రెండూ తగినంత పొడవున పక్కపక్కన పడుకోవాలి, దాన్నే ల్యాప్ అంటారు. అదేమీ లేదు. బొక్కలో కంకర, సిమెంటు నింపి పైన నున్నగా చేశారు. దాని కింద ఇప్పుడు ఒక కుటుంబం అద్దెకి ఉంటోంది. ఇద్దరు చిన్న పిల్లలు. వాన పడితే ఆ మూడు అతుకుల దగ్గరే చెమ్మ దిగుతుందని ఆ అమ్మాయి మా ఇంటికొచ్చినప్పుడు చెప్పింది. ఆ అతుకుల కథ ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పాను. అడ్వాన్స్ ఇచ్చేశాం ఆంటీ, ఏడాది దాకా కదల్లేం అంది.

రక్షణ కోసమని పెట్టిన నిబంధనని అమలు చేయడానికి వచ్చినవాళ్లు ఆ ఇంటిని అంతకు ముందున్నదానికంటే ప్రమాదకరంగా చేసి వెళ్లారు. అంతస్తు అలాగే ఉంది, సెట్‌బ్యాక్ రాలేదు, స్లాబు బలం మాత్రం పోయింది. ఇది ఒక్క మా వీధి కథ అనుకోవద్దు. కొత్త కాలనీల్లో పై అంతస్తుల కింద నిలబడి తల ఎత్తి చూడండి, రంగు తేడాతో గుండ్రటి అతుకులు కనిపిస్తాయి.

దీనికి ఆన్‌లైన్ పర్మిషనే కారణమని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం మంచి పనే చేసింది. 75 గజాల లోపు, 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు, ఆలోపు తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. అంతకుముందు ఒక ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి కదలడానికి జనం పడిన అవస్థ నాకు తెలుసు, మా ఇంటి ఫైలు ఆ కాలందే.

కానీ ఆ చట్టంతో మిగుల్చుకున్న మనుషుల్ని, సమయాన్ని ఎక్కడ పెట్టారు? అనుమతి ఇచ్చిన 21 రోజుల్లో స్థలాన్ని, కాగితాల్ని సరిచూడాలి, తప్పుంటే రద్దు చేయాలి. ఆ తర్వాత పునాది దగ్గర, ప్లింత్ (నేల మట్టం) దగ్గర, ఒక్కో స్లాబు దగ్గర ఎవరైనా వచ్చి కొలిచారా అంటే మా కాలనీలో ఏ ఇంటివాళ్లూ వచ్చారని చెప్పలేదు. చివర్లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే కాగితానికి అప్లై చేస్తే చూస్తారు. అదనపు అంతస్తు వేసినవాళ్లు ఎలాగూ దానికి అప్లై చేయరు. అంటే ఎవరిని చూడాలో వాళ్లని తప్ప మిగతా అందరినీ చూసే ఏర్పాటు ఇది. నన్నడిగితే అనుమతి కాగితం మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు ముగ్గు పోసే రోజున పెడితే ఈ రాష్ట్రంలో కూల్చివేత అనే మాటే వినపడదు.

మరి పెద్ద కోర్టులు ఊరుకున్నాయా? లేదు. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ బెంచి ఇచ్చిన తీర్పు చదవండి. కట్టినంతకాలం ఆమోదించిన ప్లాన్‌ని సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలంది. అధికారులు ఎప్పటికప్పుడు వచ్చి చూసి రికార్డు రాయాలంది. కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలంది, బ్యాంకులు కూడా అది చూశాకే అప్పు ఇవ్వాలంది. తప్పు సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలంది. అంతకు నెల ముందు, నవంబర్ 13న, ఇంకో బెంచి 15 రోజుల నోటీసు ఇవ్వకుండా ఇల్లు కూల్చకూడదని తేల్చింది. రోడ్లు, చెరువుల్లాంటి చోట్ల కట్టినవాటికి ఆ రక్షణ లేదు. మన 2019 మున్సిపల్ చట్టం నోటీసు లేకుండానే కూల్చవచ్చని రాసుకుంది కాబట్టి ఈ తీర్పు మనకి ముఖ్యం. రెండు తీర్పులూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఒకటే. ముందే వచ్చి చూడండి, వచ్చాక పద్ధతిగా చేయండి అని. మా వీధిలో ఒక్క సైట్‌లో కూడా ఇప్పటిదాకా ప్లాన్ అంటించిన బోర్డు నేను చూడలేదు.

ఇంకో కడుపుమంట క్రమబద్ధీకరణ పథకాలు, అంటే డబ్బు కడితే ప్లాన్ తప్పిన కట్టడాన్ని ఒప్పుకునేవి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో బీపీఎస్ అన్నారు, తెలంగాణ వచ్చాక 2015లో మళ్లీ భవనాల క్రమబద్ధీకరణ అన్నారు. అది హైకోర్టులో చిక్కుకుంది, డబ్బు కట్టినవాళ్లు ఏళ్లకొద్దీ ఎదురుచూశారు. ఇలాంటివి వచ్చిన ప్రతిసారీ నష్టపోయేది ఎవరంటే, మీటరు వదిలి, అంతస్తు మానుకుని, ఆ అద్దె వదులుకుని కట్టుకున్నవాడు. వాడికి ఏ రాయితీ లేదు, ఒక అభినందన కాగితం కూడా లేదు. "మళ్లీ స్కీమ్ వస్తుందిలే" అని మీ మేస్త్రీ అనే ఉంటాడు. ఆ ధైర్యంతో స్లాబు వేయకండి.

పూర్తిగా కూల్చిన కట్టడాలు దేశంలో లేవని కాదు. 2020 జనవరిలో కొచ్చి దగ్గర మరడులో అపార్టుమెంట్లు పేల్చేశారు, 2022 ఆగస్టు 28న నోయిడాలో జంట టవర్లు. రెండు చోట్లా అంతస్తులు లేచేదాకా ఆగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచి, చివరికి డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. పునాదిలో ఆపి ఉంటే ఎవరికీ టెన్షన్ ఉండేది కాదు.

ఇక మీ విషయానికి వస్తాను. మీ పిల్లర్లు, వాటి కింది పునాదులు (ఫుటింగులు) గ్రౌండ్ ప్లస్ రెండుకి డిజైన్ చేసినవి. ఇంకో అంతస్తు బరువు అవి మోస్తాయో లేదో మేస్త్రీ చెప్పలేడు, స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్కవేసి చెప్పాలి. మీ ఇంటి ఎత్తు 7 మీటర్లు దాటుతుంది కాబట్టి కట్టేదాంట్లో పది శాతం భాగాన్ని మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ రాసిచ్చి ఉంటారు, ఆ కాగితాలు ఒకసారి తీసి చూడండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తేనే అది విడుదలవుతుంది. పై అంతస్తు వేస్తే ఆ సర్టిఫికెట్ రాదు, మార్ట్‌గేజ్ తీరదు, రేపు అమ్మబోతే కొనేవాడి బ్యాంకు మొదట అడిగేది అదే. లోన్ వాయిదా కోసం వేసే అంతస్తు మీ ఇంటి విలువనే తాకట్టులో ఉంచుతుంది. వీధిలో అందరూ వేశారన్నారు, వాళ్లలో ఒక్కరినైనా సర్టిఫికెట్ చూపించమని అడిగారా?

రెండంతస్తులతో ఆపి, ప్లాన్ ప్రకారం ఉన్నప్పుడే ఆ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. చట్టం ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. ఆ లోపు నాలుగు వైపులా టేపు పెట్టి మీరే కొలుచుకోండి, బాల్కనీ ఎక్కడైనా ఖాళీలోకి పొడుచుకొచ్చిందేమో చూసుకోండి. అద్దె కోసమే అయితే ఉన్న రెండో అంతస్తునే ఒక చిన్న పోర్షన్‌గా విడదీయొచ్చేమో మీ ఇంజినీర్‌ని అడగండి, కాకపోతే అది కూడా ప్లాన్‌లో చూపించే చేయండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లు, పక్క ప్లాట్‌లో ముగ్గు పోస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, స్లాబు దాకా ఆగకండి. ప్రహరీ నుంచి గీత వరకు టేపు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటో తీసి, కమిషనర్ పేరు మీద రాసి ఇవ్వండి. ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోండి. "గోడలు లేవనివ్వండి" అంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి.