పొలం అమ్మకముందు బిడ్డకు మెడికల్ చేయించండి

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ పాసైంది. పైలట్ అవుతానంటోంది. ఒక ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్‌కు కోటికి పైగా అవుతుందట, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. విదేశంలో నేర్చుకోవడం మేలని కొందరు, ఇక్కడి ఫ్లయింగ్ స్కూల్ చాలని కొందరు చెప్తున్నారు. క్యాడెట్‌లోనే వేద్దామని రెండెకరాలు బేరం పెట్టి బయానా కూడా తీసుకున్నాం. ఆడపిల్ల మీద అంత పెట్టాలా అని మా బామ్మర్ది అడ్డుపడుతున్నాడు. ఏ దారి మంచిది?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు మాట మళ్లీ మొదలైనప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. అందరూ దారి గురించే అడుగుతారు. కానీ డబ్బంతా పోశాక ఉద్యోగం రాకపోతే ఇల్లేమైపోతుందన్న భయమే అసలు నిద్రపట్టనివ్వదు. ముందు దాని సంగతి చూద్దాం.

ఎటు వెళ్లినా మన దగ్గర పనికొచ్చే లైసెన్స్ ఒకటే, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్. కోటి పెట్టినవాళ్లకు వేరే లైసెన్స్ ఇవ్వరు. క్యాడెట్‌లో, అంటే ఎయిర్‌లైన్ తన కోసం నడిపించే శిక్షణలో, ఎంపిక ముందే జరుగుతుంది, ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా కావాల్సిన అర్హత, అదే టైప్ రేటింగ్, సాధారణంగా ప్యాకేజీలోనే ఉంటుంది. అది మంచి విషయమే. కానీ గ్యారంటీ అన్న మాటను నేను నమ్మను. నా దగ్గరికి తల్లిదండ్రులు తెచ్చిన ఒప్పందాల్లో 'కంపెనీ అవసరాన్ని బట్టి' అన్న షరతు ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. కంపెనీయే మూతపడితే ఆ కాగితం ఎవరికి చూపిస్తారు? అలాంటప్పుడు అనుభవమున్న పైలట్లు కూడా ఉద్యోగాలకు వస్తారు, కొత్త పిల్లలు వెనకబడిపోతారు. నేను సలహా ఇచ్చిన కరీంనగర్ అబ్బాయి 2018లో లైసెన్స్ తెచ్చుకుని మూడేళ్లకు పైగా ఎదురుచూశాడు. అంతకాలం లైసెన్స్ చెల్లుబాటులో ఉంచుకోవడానికి మళ్లీ మళ్లీ ఖర్చు. ఇప్పుడు విమానం నడుపుతున్నాడు, కానీ ఆనాటి అప్పు వాళ్ల నాన్న ఇంకా తీరుస్తూనే ఉన్నాడు.

ఇక్కడి స్కూల్ అయితే సీపీఎల్‌కు సుమారు 50 లక్షలు, టైప్ రేటింగ్‌కు వేరే ఖర్చు. లైసెన్స్‌కు కావాల్సిన 200 గంటల ఫ్లయింగ్ ఏడాదిలో అవుతుందంటారు. పొగమంచు, వానలు, విమానాల కొరత, ఇన్‌స్ట్రక్టర్ల కొరత కలిస్తే రెండేళ్లూ పడుతుంది. రాయ్‌బరేలీ దగ్గరి ఇగ్రువా ప్రభుత్వ పైలట్ శిక్షణ సంస్థ, దాని ఎంట్రన్స్ తప్పక రాయించండి. ఇంకెక్కడైనా సరే, నిరుడు చేరిన పిల్లలను పట్టుకుని 'ఇప్పటికి ఎన్ని గంటలు ఎగిరారు?' అని అడగండి. బ్రోచర్ కన్నా ఆ జవాబే నిజం. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి.

విదేశంలో గంటలు త్వరగా పూర్తవుతాయి. తిరిగొచ్చాక డీజీసీఏ పరీక్ష పేపర్లు, లైసెన్స్ మార్పిడి తప్పవు, దానికి మళ్లీ డబ్బు కావాలి.

అన్నా, ఇప్పుడు కొంచెం కోపంగానే అడుగుతున్నాను. బిడ్డకు క్లాస్ 1 మెడికల్, అంటే పైలట్‌కు తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష, చేయించకుండా బయానా ఎట్లా తీసుకున్నారు? మీరు రాసినదాంట్లో మెడికల్ మాటే లేదు. కళ్లద్దాలుంటే టెన్షన్ పడొద్దు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. కానీ రంగులు గుర్తించడంలోనో, వినికిడిలోనో, ఈసీజీలోనో తేడా వస్తే? చదువు అప్పుకు చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని పూచీకత్తుగా తీసుకోవు, అందుకే అమ్మకానికి పెట్టి ఉంటారు. అయినా పోయిన పొలం తిరిగి రాదు కదా.

మీ బామ్మర్దికి ఒక్క మాట చెప్పండి. మన దేశ పైలట్లలో దాదాపు 15 శాతం మంది మహిళలే, ప్రపంచ సగటు కన్నా ఎంతో ఎక్కువ. కొడుకైతే ఆయన ఈ ప్రశ్న అడిగేవారు కాదు. బిడ్డ ధైర్యం చేసి అడిగింది, దాన్ని చిన్నబుచ్చకండి.

ముందు మెడికల్, తర్వాత హైదరాబాద్‌లో గ్రౌండ్ క్లాసులు, అంటే విమానం ఎక్కకముందు చదివే థియరీ, ఆ పైన డీజీసీఏ పేపర్లు. ఇవన్నీ కొద్ది లక్షల్లో అయిపోతాయి, దానికి పొలం అమ్మక్కర్లేదు. పక్కనే కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో డిగ్రీ కూడా కట్టించండి, ఎదురుచూడాల్సి వస్తే చేతిలో ఇంకో దారి ఉంటుంది. కొనేవాళ్లను ఆరు నెలలు ఆగమనండి, వాళ్లు ఆగలేమంటే పెద్దమనుషుల్లో మాట్లాడి బయానా తిరిగిచ్చేయండి. మెడికల్ రిపోర్టు, ఒకటి రెండు పేపర్ల ఫలితం రాగానే బిడ్డను తీసుకుని హన్మకొండకు రండి. ఆ క్యాడెట్ ఒప్పందం కూడా తీసుకురండి, ముగ్గురం కూర్చుని ఒక్కో షరతూ చదువుదాం.