డబ్బుకి నోటా బటన్ ఉండదు అన్నగారూ

గాజువాక నుంచి ఒకాయన రాశారు: "నాకు 52 ఏళ్లు. హార్డ్‌వేర్, పెయింట్ల షాపు. 8 ఏళ్లుగా మ్యూచువల్ ఫండ్‌లో నెలకి 10 వేలు సిప్ (నెలవారీ వాయిదా) కడుతున్నాను, ఇప్పుడు 17 లక్షలు చూపిస్తోంది. బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. బంగారం తాకట్టు పెట్టి 11 శాతం వడ్డీకి 3 లక్షలు తీసుకున్నాను. అమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. ఢిల్లీలో వాళ్లయినా, ఇక్కడి వాళ్లయినా, ఎవరికీ ఆర్థిక వ్యవస్థ నడపడం చేతకాదని నాకు అర్థమైపోయింది. పోయిన ఎన్నికల్లో నోటా నొక్కాను. డబ్బుకి కూడా నోటా లాంటిదేమైనా ఉంటే చెప్పండి. సిప్ మొత్తం తీసేసి, భోగాపురం వైపు 150 గజాల స్థలం 14 లక్షలకి కొని, మిగిలినది బంగారంలో పెడదామనుకుంటున్నాను. ఆరోగ్య బీమా లేదు, ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది."

అన్నగారూ, మీ కోపం తప్పని చెప్పే మొహం నాకు లేదు. 2014 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని రాజ్యసభలో నిలబడి ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. తర్వాత వచ్చినవాళ్లు 2016లో హోదా బదులు ప్యాకేజీ పుచ్చుకోండన్నారు. ఇక్కడ ఒక పార్టీ దానికి సరేనని రెండేళ్లకి అలిగి బయటికొచ్చింది, ఇంకో పార్టీ ఎంపీలనిస్తే కేంద్రం మెడలు వంచుతామంటే 25కి 22 మందిని ఇచ్చాం, ఏ మెడా వంగలేదు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ సంగతి మీకు నేను చెప్పేదేముంది, 2021 జనవరిలో మొత్తం అమ్మేస్తామన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు, సొంత ఇనుప గని మాత్రం ఇప్పటికీ లేదు. జనం తమ చేతిలో ఉన్నది చేశారు. 2019లో 151 సీట్లిచ్చిన పార్టీకి 2024లో 11 ఇచ్చారు, కూటమికి 164 ఇచ్చారు. అంత ఊపు ఊపినా పెట్రోలు మీద రాష్ట్రం 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి వేస్తూనే ఉంది. అడిగితే వీళ్లు కేంద్రం ఎక్సైజు చూడమంటారు, వాళ్లు రాష్ట్రం వ్యాట్ చూడమంటారు.

2024-25లో దేశం 6.5 శాతం పెరిగిందంటారు, మీ గల్లా పెట్టె పెరగలేదు. రెండూ నిజమే. ఆ 6.5లో గాజువాక లెక్క విడిగా ఉండదు కదా. కేంద్ర బడ్జెట్‌లో రూపాయికి 20 పైసలు పాత అప్పుల మీద వడ్డీకే పోతుంది (ఇది 2025-26 లెక్క), ఆ అప్పులు ఏదో ఒక్క పార్టీ చేసినవి కావు. మా నాన్నగారి కాలంలో పీపీఎఫ్‌కి (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం) 12 శాతం వచ్చేదని చాలామంది నాతో వాదిస్తారు. 2000 జనవరి దాకా అంతే వచ్చేది, ఇప్పుడు 7.1. కానీ ఆ రోజుల్లో చాలా ఏళ్లు ధరలు కూడా అదే స్పీడులో పెరిగేవి, ఆ సగం ఎవరికీ గుర్తుండదు.

ఇక నోటా. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ బటన్ వచ్చింది. దానికి అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా గెలిచేది దాని తర్వాత ఉన్న అభ్యర్థే. అంటే మీ అసంతృప్తి రికార్డవుతుంది, సీటు మాత్రం ఎవరో ఒకరికి వెళ్తుంది. డబ్బు విషయంలో ఆ పాటి రికార్డు కూడా ఉండదు. బీరువాలో పెడితే ధరల పెరుగుదలకి ఓటేసినట్టు. స్థలం కొంటే, నన్నడిగితే, నేరుగా రాజకీయ నాయకులకే ఓటేసినట్టు. మీరు ఎవర్ని తిట్టుకుంటూ డబ్బు తీస్తున్నారో వాళ్ల చేతిలోకే తీసుకెళ్లి పెడుతున్నారు.

ఎలాగో చెప్తాను. మీ షాపు గాజువాకలో, ఇల్లు కూడా అక్కడే అనుకుంటాను. పక్కనే ఉన్న ఉక్కు ప్లాంటులో జీతాలు ఆలస్యమైన నెలల్లో మీ అరువు పుస్తకం ఎంత లావెక్కిందో మీకే తెలుసు. కాంట్రాక్టు వాళ్లని తగ్గించిన నెలలో పెయింటు డబ్బాలు ఎన్ని తక్కువ అమ్ముడయ్యాయో కూడా తెలుసు. అంటే మీ ఆదాయం, మీ ఇంటి విలువ ఇప్పటికే ఒక్క ఫ్యాక్టరీ గేటుకి, దాని మీద ఢిల్లీ తీసుకునే నిర్ణయానికి కట్టేసి ఉన్నాయి. ఇప్పుడు మూడోది కూడా 60 కిలోమీటర్ల లోపలే, ఇంకో ప్రభుత్వ ప్రాజెక్టు, భోగాపురం ఎయిర్‌పోర్టు, పక్కన కొంటానంటున్నారు. ఆ ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. ఒకే గడ్డకి రెండు కొబ్బరికాయలు. మధ్యలో కొన్నవాళ్లు నాలుగేళ్లు ఎదురుచూశారు.

నీతులు చెప్తున్నాననుకోకండి, నేనూ తగలబడ్డవాణ్నే. మూడు రాజధానుల మాట వచ్చాక, విశాఖకి సెక్రటేరియట్ వచ్చేస్తోందని అందరూ అంటుంటే 2020లో ఆనందపురం వైపు ఒక స్థలానికి బయానా ఇచ్చాను. ఈసీ (ఆ స్థలం మీద పాత లావాదేవీల పత్రం) తీయించకుండానే ఇచ్చాను, జనానికి డబ్బు సలహాలు చెప్పే ఈ వృత్తిలో ఉండి. తర్వాత చూస్తే అది 22ఏ జాబితాలో, అంటే నిషేధిత భూముల జాబితాలో ఉంది, రిజిస్ట్రేషనే కాదు. బయానాలో సగం కూడా వెనక్కి రాలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ రోడ్డులో వెళ్తే కిటికీ వైపు చూపించి నవ్వుతుంది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన రాగానే మళ్లీ అదే రకం ఫోన్లు మొదలయ్యాయి.

మీ సిప్ డబ్బు మాత్రం ఈ ఊళ్లో దేనికీ కట్టేసి లేదు, మీ పెద్ద ఆస్తుల్లో అలాంటిది అదొక్కటే. అందులోని కంపెనీలు పుణెలో, చెన్నైలో, అమెరికాలో కూడా సంపాదించుకుంటాయి. 2014లో డాలరుకి 60 దగ్గరున్న రూపాయి 85 దాటిందని మనం తిట్టుకుంటాం, ఆ పతనంలో కొంత మీ ఫండ్‌లోని సాఫ్ట్‌వేర్, మందుల కంపెనీలకి లాభంగా చేరింది.

ప్రభుత్వాలు మారితే మార్కెట్ కూలిపోదా అంటారేమో. కూలుతుంది, అబద్ధం ఎందుకు. 2004 మే 17న షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజులో 11 శాతం పడింది, ట్రేడింగ్ రెండుసార్లు ఆపారు, వామపక్షాల మద్దతుతో వచ్చే ప్రభుత్వం కొంప ముంచుతుందని భయం. ఆ ప్రభుత్వం హయాంలోనే 2008 జనవరికి 21 వేలు దాటింది. ఆ ఏడాదే మళ్లీ సగానికి పైగా పడింది, అది మన పార్టీల పుణ్యం కాదు, అమెరికా బ్యాంకులది. 2024 జూన్ 4న, ఓట్ల లెక్కింపు రోజు, దాదాపు 6 శాతం పడింది. ఆ మధ్యాహ్నం ద్వారకానగర్‌లో మా ఆఫీసు ఫోను ఆగలేదు, ఒక రిటైర్డ్ మేష్టారు అయితే నేరుగా మెట్లెక్కి వచ్చేసి మొత్తం అమ్మెయ్ అన్నారు. ఫారం లేదని అబద్ధం చెప్పి టీ తాగించి పంపాను. 7వ తేదీకి సెన్సెక్స్ 3వ తేదీ స్థాయిని దాటేసింది. అన్నిసార్లూ మూడు రోజుల్లోనే లేస్తుందని కాదు, 2008లో పడినవాళ్లు ఏళ్లు ఆగారు. అందుకే త్వరలో కావాల్సిన డబ్బు అక్కడ ఉండకూడదు. సిప్ విషయంలో మీరు చేసిన తప్పు అదొక్కటే.

మీ ప్లాను లెక్క కూడా చూద్దాం. 8 ఏళ్లలో కట్టింది 9.6 లక్షలు, లాభం 7.4 లక్షలు. ఒకేసారి తీస్తే ఏడాదికి మినహాయింపు 1.25 లక్షలు పోగా మిగతా లాభం మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి దాదాపు 80 వేలు పన్ను. స్థలానికి 14 లక్షలు, ప్రభుత్వ విలువ మీద 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులు. ఇవన్నీ పోగా కురుపాం మార్కెట్‌కి వెళ్తే తరుగు, మజూరీ, జీఎస్‌టీ కలిపి ఒక కాసు కొనుక్కుని రావచ్చేమో. అమ్మాయి ఫీజు డబ్బు ఎక్కడుందో మీ ఉత్తరంలో వెతికాను, కనపడలేదు.

బంగారం అంటే గుర్తొచ్చింది. ఉన్న బంగారం తాకట్టులో ఉంచి కొత్త బంగారం కొంటానంటున్నారు! 3 లక్షలకి ఏడాదికి 33 వేలు వడ్డీ కడుతున్నారు, పక్కనే ఎఫ్‌డీలో అదే 3 లక్షల మీద మహా అయితే 20 వేలు వస్తోంది, దాని మీద మళ్లీ పన్ను. ఎఫ్‌డీలోంచి 3 లక్షలు తీసి ఆ నగలు విడిపించుకోండి. తరుగు లేదు, మజూరీ లేదు, ఇంత చవగ్గా బంగారం మీకు ఎక్కడా దొరకదు. ఇంకా కావాలంటే నెలకి కొంచెం గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేర్లలా కొనే కాగితపు బంగారం) వేయండి, మొత్తం పొదుపులో పదో వంతు దాటనివ్వకండి. ఈ మధ్య పరుగు చూసి అది పడదనుకోవద్దు, 2012లో 31 వేల దగ్గరున్న పది గ్రాములు 2018లో కూడా దాదాపు అక్కడే ఉంది.

ఫండ్‌లోంచి తీయాల్సింది అమ్మాయి ఫీజుల మేరకే, మూడున్నర లక్షలు అనుకుందాం. సగం మార్చి 31 లోపు, సగం ఏప్రిల్ 1 తర్వాత తీయండి, రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు వాడుకోవచ్చు. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, వాటిలో లాభం ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఒక్కో విడతలో లాభం 1.25 లక్షలు దాటకుండా స్టేట్‌మెంట్ చూసి తీయండి. ఆ డబ్బు ఎఫ్‌డీలో వేయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే మంచిదే, వస్తుందని లెక్కలో రాసుకోవద్దు. సిప్ ఆపొద్దు. షాపు మరీ డల్లుగా ఉంటే 6 వేలకి తగ్గించుకోండి, సిగ్గేం లేదు.

కార్డు ఉందన్నారు కదా. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకం ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటోంది, బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపుతామన్న సందర్భాలు రెండు ప్రభుత్వాల్లోనూ చూశాం. కార్డు దాచుకోండి, దాంతోపాటు కుటుంబానికి 10 లక్షల పాలసీ కూడా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్‌టీ తీసేశారు, తిట్టిన నోటితో అది కూడా చెప్పాలి. 52 ఏళ్లకి షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయండి, క్లెయిం అప్పుడు గొడవ ఉండదు.

స్థలం మీద మనసు ఇంకా లాగుతుంటే, లాగుతుందని నాకు తెలుసు, ఆ ఏజెంటుని రెండే అడగండి: లేఅవుట్ అనుమతి (ఎల్‌పీ) నంబరు, 30 ఏళ్ల ఈసీ. ఎయిర్‌పోర్టు దగ్గర గజం పదివేల లోపు అంటే అది ఎయిర్‌పోర్టుకి ఎంత దగ్గరో బండి మీద వెళ్లి మీరే కొలవండి. కాగితాలు ఇవ్వడానికి రెండు రోజులు ఆగమంటే బయానా కూడా ఆగనివ్వండి. ఈలోగా బ్యాంకుకి వెళ్లేటప్పుడు ఎఫ్‌డీ రసీదుతోపాటు తాకట్టు కాగితం, ఆధార్ పట్టుకెళ్లండి. ఎఫ్‌డీ గడువుకి నెలా రెండు నెలలే ఉంటే ముందే తీసి పెనాల్టీ కట్టకుండా, అప్పటిదాకా లోను వడ్డీ మాత్రం కట్టేసి ఆగండి.