పెద్ద ప్లానుకు డబ్బు కట్టే ముందు

తమ్ముడూ, రాత్రి అయ్యేసరికి ఇంటికి చేసే వీడియో కాల్ మాటిమాటికీ ఆగిపోతోందని, ఇంటర్నెట్ కంపెనీవాళ్లు పెద్ద ప్లాను తీసుకోమంటున్నారని రాశావు. తీసుకోకు. పరదేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు జీతం చూసి ధైర్యం ఎక్కువ, బిల్లుల సంగతి తెలిసేది తక్కువ. నెలనెలా కట్టే డబ్బు ఒకసారి మెడకు తగులుకుంటే అంత తేలిగ్గా వదలదు.

నేనూ వచ్చిన కొత్తలో ఫోనులో ఎవరో తియ్యగా చెప్పగానే సరేనన్నాను. బిల్లు పెరిగింది, పడకగదిలో మాత్రం అదే నత్తనడక. ఆ మీదట వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్ ఒకటి కొని, తీసుకెళ్లి పడకగదిలోనే పెట్టాను. సిగ్నల్ అందని చోట పెడితే అది దేన్ని పెంచుతుంది? రూటరుకూ గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. పైగా ఒకే రేడియో ఉన్న చవక రకాలు అందుకున్నదాన్ని ఆ రేడియోతోనే తిరిగి పంపాలి కనుక వేగం సుమారు సగానికి పడిపోతుంది. ప్లాను ఒప్పందం గడువు తీరేదాకా ఆ డబ్బు కడుతూనే ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు సంగతి తేల్చింది ఒక మామూలు ఈథర్‌నెట్ తీగ. కాల్ చెడిపోయే వేళకే ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రూటరుకు కలిపి వేగం కొలిచాను. కట్టిన డబ్బుకు రావలసిన వేగం మొత్తం వచ్చింది. అంటే లైనులో లోపం లేదు, గొడవంతా గాలిలో వచ్చే వైఫైలోనే. నువ్వూ ముందు ఈ పని చెయ్యి. తీగ మీద కూడా మందగిస్తే అది కంపెనీవాళ్ల పూచీ, నిలదీసి బాగు చేయించుకో. తీగ మీద బాగుంటే ఎంత పెద్ద ప్లాను తీసుకున్నా దండగే.

మా రూటరు వంటగది గోడకు ఆనించి ఉండేది. గోడకు అవతల మైక్రోవేవ్ ఓవెన్. అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, వైఫై పాత బ్యాండు, అంటే అది వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీ, కూడా ఆ చుట్టుపక్కలే. ఓవెన్ తిరుగుతున్నంతసేపూ అవతలివాళ్ల ముఖం కదలదు, గంట మోగగానే మాట మళ్లీ వినిపిస్తుంది. ఇంత స్పష్టంగా కనబడుతున్నా చాలాకాలం నాకు తట్టలేదు. బ్లూటూత్ పరికరాలు, కొన్ని రకాల బేబీ మానిటర్లు కూడా ఈ బ్యాండులోనే ఉంటాయి. రూటరు పక్కన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు ఉంటే దూరంగా జరుపు, దాని తీగ నుంచి కూడా ఈ బ్యాండులోనే రొద పుడుతుంది.

ఇక రాత్రిపూటే ఎందుకంటే, ఇరుగుపొరుగు అందరూ ఇళ్లకు చేరి తమ వైఫైలు వాడేది అప్పుడే కదా. ఏ రూటరు ఏ ఛానల్‌లో, అంటే బ్యాండులోని ఏ చిన్న భాగంలో, ఉందో చూపించే ఉచిత యాప్ ఫోనులో వేసుకుని చూడు. మూడో ఛానల్ ఖాళీగా ఉందని నేను దాన్ని ఎంచుకుని మురిసిపోయాను. అదే పొరపాటు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, వైఫైకి కావలసిన వెడల్పు దాదాపు 20. మూడులో కూర్చుంటే ఒకటితోనూ ఆరుతోనూ తగువే. ఒకే ఛానల్‌లో ఉన్న రూటర్లు ఒకదాన్నొకటి విని వంతులవారీగా పంపుకుంటాయి, సగం సగం కలిసినవాటికి మాత్రం పక్కవాడి మాట వట్టి రొదే. అందుకని 1, 6, 11లో రద్దీ తక్కువున్నదాన్ని ఎంచుకో. సెట్టింగుల్లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మీదే ఉంచు, 40 పెట్టకు.

రూటరులో 5 గిగాహెర్ట్జ్ ఉంటే కాల్స్‌కు అదే వాడు. ఓవెన్ బాధ ఉండదు, ఛానళ్లూ ఎక్కువ. కాకపోతే గోడలు దాటడంలో అది బలహీనం. ఏ ఛానళ్లకు అనుమతి ఉందన్నది దేశాన్ని బట్టి మారుతుంది, ఆ నిబంధనలు నువ్వే చూసుకో. స్వదేశం నుంచి రూటరు తెచ్చుకుని ఉంటే సెట్టింగుల్లో దేశం పేరు సరిచూడు.

మెష్ సెట్టు, అంటే ఇంట్లో అక్కడక్కడా పెడితే కలిసి పనిచేసే పెట్టెల జట్టు, కొనమంటారా అని కూడా అడిగావు. ఇద్దరు ఉండే చిన్న ఫ్లాటుకు ఎందుకు? రూటరును అలమరలోంచి, టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టు. అప్పటికీ పడకగదికి అందకపోతే గోడ వెంబడి పొడవాటి తీగ లాగి, ల్యాప్‌టాప్‌కు పెట్టుకుని అందులోంచి మాట్లాడు. అది ఒక్కసారి ఖర్చు, నెలనెలా బిల్లు రాదు.