కళ్లు కదిలిస్తూ చేసే మానసిక చికిత్సకు వెళ్లే ముందు

చి. మాధవికి పెద్దమ్మ దీవెనలు.

యాక్సిడెంట్ జరిగి ఏడాదైనా లారీ హారన్ వినబడితే నీకు చెమటలు పడుతున్నాయని, డాక్టరుగారు ఈఎండీఆర్ చేయించుకోమన్నారని మీ అమ్మ చెప్పింది. అంటే థెరపిస్టు ఊపే వేలి వెంట కళ్లు కదిలిస్తూ, భయపెట్టే జ్ఞాపకం బాధను తగ్గించే మానసిక చికిత్స. తప్పకుండా వెళ్లు. ఇన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేస్తూ దానితో తేరుకున్నవాళ్లను దగ్గర్నుంచి చూశాను. 1987లో అమెరికాలో ఫ్రాన్సీన్ షపీరో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది.

కళ్లు అటూ ఇటూ తిప్పించడమే వైద్యం అనుకోకు. మొత్తం ఎనిమిది దశలుంటాయి, కళ్ల పని నాలుగో దశలో గానీ రాదు. ముందు నీ కథంతా అడుగుతారు, గుండె దడ మొదలైతే నిన్ను నువ్వు ఎలా నిలదొక్కుకోవాలో నేర్పుతారు. అక్కడ ఎన్ని వారాలు పట్టినా విసుక్కోకు. అవేవీ లేకుండా మొదటిరోజే వేలు ఊపేవాళ్ల దగ్గర కూర్చోకు. ఈఎండీఆర్‌లో శిక్షణ ఎక్కడ తీసుకున్నారని అడుగు, మొహమాటం వద్దు.

అసలు పని మొదలయ్యాక, యాక్సిడెంట్ జరిగిన ఆ రాత్రిలో నిన్ను ఎక్కువగా వెంటాడే దృశ్యం ఏదో అడుగుతారు. 'నేనే ఆపగలిగేదాన్ని' లాంటి మాట ఏదైనా నీలో తిరుగుతోందా, బాధ ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది, 0 నుంచి 10లో ఎంత అని కూడా అడుగుతారు. ఆ దృశ్యం మనసులో ఉంచుకుని అర నిమిషంపాటు వేలు వెంట చూస్తావు. ఆగి ఊపిరి పీల్చుకున్నాక 'ఇప్పుడేం వస్తోంది?' అంటారు. అమ్మమ్మగారి ఇల్లు గుర్తొచ్చినా సరే, వచ్చింది వచ్చినట్టు చెప్పు. పూస గుచ్చినట్టు వివరించక్కర్లేదు. తట్టుకోలేకపోతే చెయ్యెత్తు, వెంటనే ఆపేస్తారు. కళ్లు అలిసిపోతే చేతుల మీద తడతారు, లేదా చెవుల్లో శబ్దాలు వినిపిస్తారు.

ఇది ఎలా పనిచేస్తుందన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. జ్ఞాపకాన్ని పట్టుకుంటూనే కదిలే వేలినీ చూడటం మెదడుకు ఒకేసారి రెండు పనులు, అందుకే ఆ దృశ్యం పదును తగ్గుతుందంటారు చాలామంది. జరిగింది మర్చిపోవు, గుర్తొచ్చినా ఒళ్లు వణకదు.

ఫిట్స్, కంటి జబ్బులాంటివి ఏమైనా ఉంటే ముందే చెప్పు. మందులు నీ అంతట నువ్వు ఆపకు. ఆ రోజు బండి నడపొద్దు, తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లు. రెండు మూడు రోజులు కలలు, ఏడుపు రావచ్చు. నోట్‌బుక్‌లో రాసిపెట్టి తర్వాతిసారి చూపించు. యూట్యూబ్ వీడియోలు పెట్టుకుని ఒక్కదానివే ప్రయత్నించకమ్మా. అర్ధరాత్రి మరీ భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. నాకైనా చెయ్యి, ఏ వేళైనా ఫోనెత్తుతాను.

నీ పెద్దమ్మ