ఇంజిన్ బ్యాటరీ జోలికి వెళ్లకు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, బోటు చేతికొచ్చిందని, ఇక నెలల తరబడి నువ్వూ కోడలూ అందులోనే ఉంటారని చదివి చాలా సంతోషించాను. బ్యాటరీలు ఎన్ని పెట్టమంటావని అడిగావు. ఎన్ని అన్నది తర్వాత చెప్తాను. ముందు ఒక మాట విను. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీద ఇంకేదీ నడవకూడదు. లైటు, ఫ్రిజ్, ఫోన్ ఛార్జర్, ఏదీ.

నా మొదటి బోటులో రెండు బ్యాటరీలకీ కలిపి ఒకటే తిప్పుడు స్విచ్ ఉండేది. ఒకటి, రెండు, రెండూ. ఒక సాయంత్రం లంగరు వేసి ఇంజిన్ ఆపాక ఆ స్విచ్ ‘రెండూ’ దగ్గరే వదిలేశాను. అర్ధరాత్రి దాటాక గాలి తిరిగింది, లంగరు జారడం మొదలైంది. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పినా అదే. వెనక రాళ్ల మీద అలలు విరుగుతున్న చప్పుడు దగ్గరవుతోంది. రెండో లంగరు పట్టుకుంది కాబట్టి బయటపడ్డాం. ఫ్రిజ్ రెండు బ్యాటరీలనీ పీల్చేసిందని తెల్లారాక మీటర్ పెట్టి చూస్తేగానీ తెలియలేదు. అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

ఇంజిన్ స్టార్ట్ చేసే స్టార్టింగ్ బ్యాటరీ, లైట్లూ ఫ్రిజ్ లాంటి ఇంటి వాడకానికి పెట్టే హౌస్ బ్యాటరీ, ఈ రెండింటి పని వేరు, తయారీ కూడా వేరు. స్టార్టింగ్ బ్యాటరీలో ప్లేట్లు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. కొన్ని సెకన్లు పెద్ద కరెంట్ ఇవ్వడమే దాని పని. 200 ఆంపియర్లు 3 సెకన్లు లాగినా అర ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్) కూడా ఖర్చవదు. కాబట్టి అది పెద్దదై ఉండక్కర్లేదు, ఎప్పుడూ నిండుగా ఉంటే చాలు. హౌస్ బ్యాటరీకి మందపాటి ప్లేట్లుంటాయి, రాత్రంతా కొద్దికొద్దిగా ఇస్తుంది. మొదటిదాన్ని ఇంటి వాడకానికి పెడితే త్వరలోనే చచ్చిపోతుంది.

ఇప్పుడు ఎన్ని అన్న లెక్క. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతూ రోజులో సగం సేపు తిరిగితే 60 ఆంపియర్ అవర్లు. లైట్లు, నీళ్ల పంపు, పరికరాలు, ఫోన్లు కలిపి ఇంకో 40 వేసుకో. రోజుకి 100. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు. పైన చివరి 20 శాతం చాలా మెల్లగా ఎక్కుతుంది, దాని కోసం గంటల కొద్దీ ఇంజిన్ నడపలేవు. అంటే నిజంగా చేతికి దొరికేది 30 శాతమే. అందుకే 400 ఆంపియర్ అవర్లు పెట్టమంటాను. అదే లిథియం అయితే 80 శాతం వాడుకోవచ్చు, 200 సరిపోతుంది. అలాగని పాత బ్యాటరీ పక్కన కొత్తది చేర్చకు, ఒకే రకం, ఒకే వయసువి పెట్టు.

ఛార్జింగ్ దగ్గర మాత్రం తొందరపడకు. లెడ్ యాసిడ్ అయితే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పగా కరెంట్ పుట్టించేది) వైరు నేరుగా హౌస్ బ్యాటరీలకి వెళ్లాలి, ఎక్కువ ఆకలి వాటిదే. రెండు బ్యాటరీల మధ్యలో వోల్టేజ్ చూసి తనంతట తానే కలిపి, విడదీసే స్విచ్ లాంటి రిలే ఒకటి పెడితే, సుమారు 13.3 వోల్టులు రాగానే స్టార్టింగ్ బ్యాటరీని కలుపుతుంది, 12.8 దగ్గర విడదీస్తుంది. లిథియం అయితే ఈ రిలే వద్దు. దాని వోల్టేజ్ మామూలుగానే 13.3 దగ్గర ఉంటుంది కాబట్టి రిలే కలిసే ఉండిపోతుంది. పైగా లిథియం ఎంత ఇచ్చినా తాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోయేంత వేడెక్కుతుంది. బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్ బీఎంఎస్ ఉన్నట్టుండి కరెంట్ తెంచేస్తే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు పోతాయి. అందుకే లిథియం అయితే ఆల్టర్నేటర్ని స్టార్టింగ్ బ్యాటరీకే ఇచ్చి, అక్కడినుంచి డీసీ-డీసీ ఛార్జర్‌తో (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి అదుపుగా ఛార్జ్ ఎక్కించేది) హౌస్ వైపు పంపు.

స్విచ్‌లు మూడు వేరువేరుగా పెట్టు. ఇంటి వాడకానికి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి, ఆపదలో రెండింటినీ కలపడానికి ఒకటి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ ఆపేయకూడదని కోడలికి కూడా చెప్పు, అప్పుడూ డయోడ్లే పోతాయి. బోటు అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు మాత్రం ఆ స్విచ్‌ల కంటే ముందే, సొంత ఫ్యూజ్‌తో హౌస్ బ్యాటరీకి నేరుగా ఉండాలి. మీరు బోటులో లేనప్పుడు కూడా అది తిరగాలి కదా. హౌస్ వైరుకి ఫ్యూజ్ మామూలుగా బ్యాటరీకి 18 సెంటీమీటర్లలోపే ఉండాలని అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే సంస్థ ఏబీవైసీ చెప్తుంది. నేనూ అంతే పాటిస్తాను. లిథియానికి మామూలు ఫ్యూజ్ చాలదు, క్లాస్ టీ రకం వేయి.

పాత వైర్లు చూడ్డానికి బాగానే ఉంటాయి. తొడుగు అంగుళం కోసి చూడు, లోపల రాగి ఆకుపచ్చగా, పొడిపొడిగా ఉంటే మొత్తం మార్చేయ్. తగరం పూత ఉన్న రాగి వైరే కొను. ఆ తర్వాత మీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్ సీసపు పోస్టు మీదే పెట్టు, దానికి బిగించిన లగ్ (వైరు చివరి లోహపు రింగు) మీద కాదు. రెండో కొన స్టార్టర్ బోల్టు మీద పెట్టి కోడల్ని తాళం తిప్పమను. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో బిగింపు చెడిందని అర్థం. మైనస్ వైపు కూడా ఇలాగే చూడు.

వంద ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ 30 కిలోల దాకా తూగుతుంది. బోటు పక్కకి ఒరిగిపోయిన రోజున అది ఎగరకూడదు, బెల్టుతో కట్టెయ్. పెట్టెకి గాలి రంధ్రం పైభాగంలో పెట్టు, హైడ్రోజన్ పైకే పోతుంది.

నీ ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో, బ్యాటరీలకీ స్టార్టర్‌కీ మధ్య వైరు పొడవెంతో కొలిచి రాయి. మందం లెక్క వేసి పంపుతాను. అందాకా వైర్లు కొనకు.

నీ పెదనాన్న