మనం ఎవరినీ ఏమీ అనలేదు కదా, ఇంకా ఏం చేయాలి?

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర ఫోర్సైత్ కౌంటీలో ఉంటున్నాం. స్కూల్లో జాతి వివక్ష గురించి పాఠం విని వచ్చి మా అబ్బాయి "మరి మనం ఏం చేస్తున్నాం?" అని అడిగాడు. మేం ఎవరినీ తక్కువగా చూడలేదు. పైగా మనకీ ఇక్కడ వివక్ష తప్పడం లేదు. మనవాళ్ళు చేయగలిగింది ఇంకా ఏమైనా ఉందా?

జవాబు:

నేనూ మీ కౌంటీలోనే ఉంటాను, కౌంటీ కేంద్రమైన కమింగ్ వైపు. చేయగలిగింది చాలానే ఉంది. అందులో ఎక్కువ భాగం మన ఇళ్ళలో, మన వాట్సాప్ గ్రూపుల్లో, తెలుగులోనే చేయాల్సిన పని. అందుకే అది మన బదులు ఇంకెవరూ చేయలేరు.

ముందు మనం ఇల్లు కొనుక్కున్న ఊరి సంగతి. మనందరం ఇక్కడికి స్కూళ్ళ రేటింగులు చూసుకుని వచ్చాం. గుడి ఎంత దూరం, ఇండియన్ స్టోర్ ఎక్కడ, 400 హైవే మీద ట్రాఫిక్ ఎలా ఉంటుంది అన్నీ కనుక్కున్నాం. 1912లో ఇక్కడ ఏం జరిగిందో మాత్రం ఇల్లు చూపించిన ఏజెంట్ చెప్పడు, మనమూ అడగం. అప్పట్లో ఈ కౌంటీలో సుమారు పదకొండు వందల మంది నల్లజాతివాళ్ళు ఉండేవారు, అంటే జనాభాలో దాదాపు పదో వంతు. ఆ సెప్టెంబరులో ఒక తెల్లజాతి అమ్మాయి మీద అత్యాచారం, హత్య జరిగాయి. అనుమానంతో పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్‌ని జనం జైల్లోంచి లాక్కొచ్చి చంపి, కమింగ్ నడిబొడ్డున వేలాడదీశారు. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు టీనేజ్ కుర్రాళ్ళను హడావిడిగా విచారించి అక్టోబరులో ఉరితీశారు. అంతటితో ఆగలేదు. రాత్రిపూట గుంపులు గుర్రాల మీద వచ్చి ఇళ్ళ మీద కాల్పులు జరిపి, చర్చిలు తగలబెట్టి, మిగిలిన నల్లజాతి కుటుంబాలన్నిటినీ కౌంటీ దాటేదాకా తరిమేశాయి. కొందరు భూములు అయినకాడికి అమ్ముకున్నారు, కొందరు అలాగే వదిలేసి పోయారు. వదిలేసిన పొలాలకు పక్కవాళ్ళు పన్ను కట్టుకుంటూ సొంతం చేసుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా ఎప్పుడో తాతల కాలం నాటిది అనుకోవద్దు. 1987 జనవరిలో ఇక్కడ జాతి వివక్షకు వ్యతిరేకంగా శాంతియాత్ర చేసినవాళ్ళ మీద రాళ్ళు, సీసాలు విసిరారు. వారం తిరిగేసరికి ఇరవై వేల మంది వచ్చి మళ్ళీ నడిచారు. మనలో చాలామందికి అప్పటికే ఊహ తెలుసు, కొందరం బడికి కూడా వెళ్తున్నాం.

నాది పాత ప్రకాశం జిల్లా. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు కారంచేడు గుర్తొచ్చింది. 1985 జులైలో అక్కడ ఆరుగురు దళితులను చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చేరారు, చాలామంది తిరిగి ఊళ్ళోకి వెళ్ళలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో నేను విన్న మాట ఒక్కటే: "మేం ఎవరినీ ఏమీ అనలేదు, మాకెందుకు?" అన్నవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కానీ ఆ ఊళ్ళలోనే టీ కొట్లో వేరే గ్లాసు ఉండేది. అది ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఏమీ అనకపోవడం ఎవరి వైపు నిలబడుతుందో నాకు అక్కడే తెలిసింది. మీ ప్రశ్నలోనూ ఆ మాటే కనిపించింది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను, మిమ్మల్ని నొప్పించాలని కాదు.

ఇక మనం అసలు ఈ దేశానికి ఎలా రాగలిగామో చూడండి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో ఇక్కడి సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తేల్చింది. 1946లో చట్టం మారింది, కానీ ఏడాదికి వంద మందికే కోటా. 1965లో వచ్చిన ఇమ్మిగ్రేషన్ చట్టమే మనకు తలుపులు తీసింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అక్టోబరులో ఇమ్మిగ్రేషన్ చట్టం. ఈ వరుస ఊరికే కుదిరింది కాదు. నల్లజాతివాళ్ళు లాఠీదెబ్బలు తిని, ప్రాణాలు పోగొట్టుకుని, చట్టం ముందు రంగు చూడకూడదని ఈ దేశాన్ని ఒప్పించాకే పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతి కూడా కూలింది. మన కష్టం, మన చదువు నిజమే. వాటికి వీసా దొరికే దారి వేసింది మాత్రం వాళ్ళ పోరాటం.

"మనకీ వివక్ష తప్పడం లేదు" అన్నారు. నిజమే. 2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతిద్వేషంతో ఎలా కాల్చి చంపారో మనలో ఎవరం మర్చిపోలేం. కానీ నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది 2015లో అలబామాలోని మాడిసన్‌లో జరిగింది. సురేశ్‌భాయ్ పటేల్ అనే పెద్దాయన మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చారు. పొద్దున్నే కొడుకు ఉండే వీధిలో నడుస్తుంటే, ఎవరో సన్నగా ఉన్న నల్లవాడు తిరుగుతున్నాడని పక్కింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, వెన్నుకు దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ సరిగ్గా పని చేయకుండా పోయాయి. ఆ పోలీసు మీద కేసు నిలబడలేదు.

మన అమ్మానాన్నలు, అత్తమామలు ఆరు నెలలు ఉండిపోదామని వచ్చి రోజూ చేసేది అదే కదా, మంకీ క్యాప్ పెట్టుకుని సబ్‌డివిజన్‌లో, అంటే మనం ఉండే ఇళ్ళ కాలనీలో, వాకింగ్. ఆ వార్త వచ్చినప్పుడు మనవాళ్ళలో చాలామంది అన్నది "పాపం, నల్లవాడనుకుని కొట్టారట" అని. ఆ మాటలో ఏముందో ఒక్కసారి ఆగి చూడండి. నిజంగానే నల్లవాడైతే కొట్టొచ్చా? నా దృష్టిలో మనల్ని మనం ప్రశ్నించుకోవడం ఇక్కడే మొదలవ్వాలి. "మేం వాళ్ళం కాదు" అని నిరూపించుకోవడం మనకు రక్షణ కాదు, ఎందుకంటే చూసేవాడు మన పాస్‌పోర్టు అడిగి చూడడు.

ఇక చేతల్లోకి వస్తాను. మా సబ్‌డివిజన్ తెలుగు గ్రూపులో ఒకసారి డోర్‌బెల్ కెమెరా ఫోటో ఒకటి వచ్చింది. హుడీ వేసుకున్న నల్లజాతి కుర్రాడు. కింద "ఎవరో తిరుగుతున్నాడు, అందరూ జాగ్రత్త" అని రాశారు. నిమిషాల్లో "పోలీసులకి చెప్పండి", "గరాజ్ తలుపులు వేసుకోండి" అని మెసేజ్‌లు. ఫోటో పెద్దది చేసి చూస్తే అతని చేతిలో ఫుడ్ ప్యాకెట్ ఉంది, ఫోన్ చూసుకుంటూ ఇంటి నంబరు వెతుకుతున్నాడు. "డెలివరీ అబ్బాయండీ, చేతిలో ప్యాకెట్ ఉంది, ఫోన్ చేయకండి" అని వెంటనే రాశాను. సాయంత్రం ఆ ఫోటో పెట్టిన వదినకు విడిగా ఫోన్ చేశాను. "ఇంట్లో అత్తయ్య ఒక్కరే ఉన్నారు, భయం వేసింది" అంది. ఆ భయం నటన కాదు. "అదే ప్యాకెట్‌తో మన కుర్రాడు వస్తే ఫోటో పెట్టేదానివా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే గ్రూపులో ఒక మాట పెట్టింది: మనిషి ఎలా ఉన్నాడో కాకుండా ఏం చేస్తున్నాడో రాద్దాం అని. అందరికీ నచ్చలేదు. ఇద్దరు ముగ్గురు "అన్నిట్లోకీ రాజకీయం తెస్తారు" అన్నారు. అననివ్వండి. గ్రూపులో అందరి ముందు వాదిస్తే మనిషి బిగుసుకుపోతాడు, విడిగా ఫోన్ చేస్తే వింటాడు. నా అనుభవంలో ఇది బాగా పనిచేసింది.

అలాగే ఇల్లు వెతుక్కునే బంధువు "అక్కడ వద్దు, ఆ ఏరియా మంచిది కాదట" అంటే, ఏం బాగాలేదని నిదానంగా అడగండి. చాలాసార్లు జవాబు "అక్కడంతా వాళ్ళే" దగ్గర ఆగుతుంది. 1930ల్లో నల్లజాతివాళ్ళు ఉండే పేటలను ప్రభుత్వమే మ్యాపుల మీద ఎర్ర రంగుతో గుర్తించింది, అక్కడ ఇళ్ళకు లోన్లు పుట్టకుండా పోయాయి. ఆ మ్యాపును ఇప్పుడు మనం నోటిమాటతో నడిపిస్తున్నాం.

భోజనాల దగ్గర నల్లజాతివాళ్ళను కించపరుస్తూ "కల్లూ" అనే మాట వస్తే పిల్లల ముందే ఆపండి. పెద్దవాళ్ళయినా సరే, మర్యాదగానే. మా మామయ్యగారికి సురేశ్‌భాయ్ గారి సంగతి చెప్పాను, ఆయనే ఆ మాట మానేశారు.

మీ అబ్బాయిని వీలైతే కమింగ్ డౌన్‌టౌన్‌కి తీసుకెళ్ళండి. రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో 2021లో అక్కడ ఒక స్మారక ఫలకం పెట్టారు. తరిమేసిన కుటుంబాల వారసుల చదువు కోసం ఇక్కడి పాస్టర్లు కొందరు ఒక స్కాలర్‌షిప్ కూడా మొదలుపెట్టారు. మన పండగలకు, సంఘాల ఫంక్షన్లకు వసూలు చేసే చందాల్లోంచి ఏటా కొంత దానికి ఇద్దామని మా వాళ్ళను అడుగుతున్నాను, మీరూ మీ వాళ్ళను అడగండి. మీ వాడు మిడిల్ స్కూల్ దాటితే 1912 సంగతి దాచకుండా మొత్తం చెప్పొచ్చు. ఇంకా చిన్నవాడైతే 1987లో ఆ ఇరవై వేల మంది నడిచిన సంగతితో మొదలుపెట్టండి, మిగతావి వాడే అడుగుతాడు.